ఏడు తప్పుల దాకా

సోమవారం పొద్దున్న డాక్టరమ్మ నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, "ఇది నువ్వే నింపు, నాకంటే నీకే బాగా తెలుసు" అని వార్డులోకి వెళ్లిపోయారు. మా కొండమీది ఆసుపత్రి కంప్యూటర్ల పని ఇకనుంచి పట్నంలో ఉన్న ఒక పెద్ద కంపెనీ చూస్తుందట. వాళ్లు పంపిన కాగితం అది. అందులో చాలా గళ్ళున్నాయి. ఎన్ని కంప్యూటర్లు, ఎంతమంది మనుషులు, కరెంటు ఎంతసేపు ఉంటుంది, ఇలాంటివి. చివరి మూడు గళ్ళ దగ్గర నా పెన్ను ఆగింది. పాస్‌వర్డు ఎన్నిసార్లు తప్పు కొడితే తాళం పడాలి? పడిన తాళం ఎంతసేపు ఉండాలి? కొట్టిన తప్పుల్ని ఎంతసేపటికి మరిచిపోవాలి?

కాగితంలో ఉన్నది ఇంగ్లీషు. ఆ మూడో ప్రశ్నని 'మరిచిపోవడం' అని నాకు తెలుగులో చెప్పింది ఇన్నాళ్లూ మా కంప్యూటర్లు చూసిన ఆయన. అందుకే దాన్ని ఇంగ్లీషులో చదివినా నాకు ఆయన గొంతే వినపడింది.

ఏం రాయాలో నాకు తెలుసు. అయినా ఆ అంకెలు పెట్టిన మనిషిని అడగకుండా రాయడం మర్యాద కాదనిపించి ఫోను చేశాను. ఆయన కొండెక్కి ఆరు నెలలు దాటింది. మోకాళ్లు బాగోలేవు, ఆయాసం వస్తోంది అనేవారు. ఫోను ఆయన భార్య ఎత్తారు. నేనెవరో చెప్పాక, "కొండమీది అమ్మగారా" అన్నారు. ఆయన పోయి మూడు వారాలైందని చెప్పారు. నాకు కబురు చేద్దామనే అనుకున్నారట. కానీ నంబర్లన్నీ ఆయన ఫోనులోనే ఉన్నాయి, ఆ ఫోను తాళం ఇంట్లో ఎవరికీ తెలీదు. నాలుగైదుసార్లు కొట్టి చూసి, ఇంకా కొడితే అంతా పోతుందేమోనని భయపడి వదిలేశారట. "ఊరందరికీ తాళాలు తీసిపెట్టేవారు, మాకు మాత్రం చెప్పకుండా వెళ్లిపోయారమ్మా" అని ఆమె నవ్వబోయారు. ఆ నవ్వు పూర్తి కాలేదు.

నేను ఫోను పెట్టేసి ఊరికే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈమధ్య నాకు ఏదైనా అలసటగానే వస్తోంది. దుఃఖం కూడా అలాగే వచ్చింది, మెట్లెక్కి వచ్చిన మనిషిలా, ముందు కాస్త కూర్చోనీ అన్నట్టు.

మేమంతా ఆయన్ని తాళాలాయన అనేవాళ్లం. అసలు పేరు చీటీల మీద సంతకంలో ఉండేది. నెలకోసారి పార్వతీపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. పొట్టి మనిషి. భుజానికి గుడ్డసంచి. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, కీబోర్డు దులపడానికి గోడలకి రంగులేసే బ్రష్షొకటి, మూతకి రబ్బరు బ్యాండు చుట్టిన స్టీలు టిఫిను గిన్నె. నుదుట సన్నగా విభూతి గీత ఉండేది, ఘాటు రోడ్డెక్కి వచ్చేసరికి చెమటకి సగం చెరిగిపోయేది. మా పొద్దుటి ప్రార్థన జరుగుతుండగా చేరితే లోపలికి వచ్చేవారు కాదు. వరండాలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడేవారు. ఆమెన్ అయ్యాకే గడప దాటేవారు. మా దేవుడు ఆయన దేవుడు కాదు. అయినా మా వాళ్లలో కొందరికంటే కుదురుగా నిలబడేవారని నేను మనసులో అనుకునేదాన్ని, అలా అనుకున్నందుకు తరవాత క్షమాపణ అడుక్కునేదాన్ని.

కూర్చుంటే "అబ్బా" అనేవారు, లేస్తే "అబ్బా" అనేవారు. ఎవరైనా హడావిడి పడితే, "తొందరేం లేదమ్మా, నా బస్సు ఎలాగూ వెళ్లిపోయింది" అనేవారు. నిజంగానే వెళ్లిపోయేది. సాయంత్రం బస్సు ఆయన కోసం ఏనాడూ ఆగలేదు. పాలవాళ్ల జీపులో వెనక డబ్బాల మధ్య కూర్చుని కిందికి దిగేవారు.

ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. మనం పాస్‌వర్డు కొడుతుంటే ముఖం తిప్పేసుకునేవారు. ఊరికే పక్కకి చూడడం కాదు, కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగిపోయి ఎదురుగా కాఫీ తోటల కొండని చూస్తూ కూర్చునేవారు. కాసేపటికి, "అయిందా అమ్మా?" అనేవారు. అయింది అంటేనే ఇటు తిరిగేవారు. డాక్టరమ్మకీ అంతే, నాకూ అంతే. ఒకసారి నేను, మీరే పెట్టిన పాస్‌వర్డే కదండీ, మీకు తెలియందేముంది, అన్నాను. తెలిసినా చూడకూడదు అన్నారు. అంతకుమించి వివరం చెప్పలేదు.

మా వార్డు ఆయమ్మకి ఇది పెద్ద తమాషా. ఆవిడ ఇక్కడ ముప్ఫై ఏళ్లు పక్కబట్టలు ఉతికింది, నన్ను గౌను వేసుకున్న వయసునుంచీ ఎరుగును, నాకు నలభై దాటినా గుంటా అనే పిలుస్తుంది. ఆయన ముఖం తిప్పుకోగానే తలుపు దగ్గర నిలబడి, "కొత్త పెళ్లికొడుకునాగ ఆ సిగ్గేటి బాబూ" అనేది. ఆయన కొండ వైపు చూస్తూనే నవ్వేవారు.

నేను ఈ కౌంటరు దగ్గర ఎలా కూర్చున్నానో కూడా చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. నేను బడికి వెళ్లలేదు. బడికీ మా ఊరికీ మధ్య గెడ్డ ఉంది, వానలొస్తే దాటలేం. మా నాన్న ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. సంధ్యప్రార్థన పాటల పుస్తకం ఒళ్లో పెట్టి, నా వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించాడు. తెలుగు అలా వచ్చింది. ఇంగ్లీషు మందుల పెట్టెల మీద పేర్లు చదివి నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు ఒక్కటీ లేదు. డాక్టరమ్మ నా చేతిరాత చూసి చీటీలు రాయడానికి పెట్టుకున్నారు, చీటీలు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు నన్ను తీసేయలేదు. రోజూ దీనికి దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. కానీ సర్టిఫికెట్టు లేదన్నది నా వెనకాల ఎప్పుడూ నిలబడే ఉండేది.

కొన్నేళ్ల కిందట కంప్యూటరుకి తాళం పెట్టమని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూతపడాలి, తాళాలాయన తీసేదాకా తెరుచుకోకూడదు. నాకు అర్థం కాలేదు. దొంగలకి మా కొండమీద ఏం దొరుకుతుంది? ఆయన ఓపిగ్గా చెప్పారు. ఇక్కడ దాచింది మనుషుల జబ్బులమ్మా అన్నారు. ఏ గుంటకి సికిల్‌సెల్ రక్తపు జబ్బు ఉందో, ఎవరింట్లో క్షయ ఉందో ఇందులో ఉంది. తాళం లేకపోతే ఎవడైనా తీరిగ్గా కూర్చుని వంద పాస్‌వర్డులు కొట్టి చూడొచ్చు. ఒకటి తగిలిందంటే సంతలో ఆ మాట పాకుతుంది, పెళ్లి సంబంధం తప్పిపోతుంది. నాకు ఆ మాట తగిలింది. ఎందుకు తగలదు, మా ఇళ్లల్లో జరిగినవే అవి.

ఆ వారమే ఆయన అందరి పాస్‌వర్డులూ మార్చారు. నాది మార్చిన రోజు ఆయన ఇక్కడ లేరు. రాజవొమ్మంగి వైపు ఎక్కడికో బస్సులో వెళ్తూ పొద్దున్నే ఫోను చేశారు. ఎక్కడా రాసుకోవద్దు, చెవిలో పెట్టుకోండి అన్నారు. "చేమంతి. అన్నీ చిన్నక్షరాలే, చివర మీ గది నంబరు. మీకు పూలంటే ఇష్టం కదా, మరిచిపోరని పెట్టాను." నేను సంతోషపడ్డాను. మాకు ఎవరూ అలా ఆలోచించి ఏదీ పెట్టరు.

తొమ్మిదింటికి ఒక తల్లి తన కూతుర్ని వీపు మీద మోసుకుని వచ్చింది. ఆ గుంటకి పన్నెండేళ్లుంటాయి. సికిల్‌సెల్ నొప్పులు. ఆ నొప్పులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకే తెలుసు, ఎముకల్లో ఎవరో ఉలి పెట్టి తొలుస్తున్నట్టు ఉంటుందట. చీటీ గెడ్డలో తడిసిపోయింది, నంబరు లేదు. ఆ పిల్లకి ఇంతకుముందొకసారి ఏదో ఇంజక్షను పడక ముఖం వాచి ఊపిరాడక చచ్చి బతికింది. ఆ మందు పేరు తల్లికి తెలీదు, తెల్ల సీసా అంటుంది. అది మా కంప్యూటరులో ఉంది. డాక్టరమ్మ సెలైను పెట్టించి, ఆ పేరు తెలిస్తే గానీ నొప్పి ఇంజక్షను ఇవ్వలేను, బేగి చూడు అన్నారు.

నేను చేమంతి కొట్టాను. టుంగుమంది. మెల్లగా మళ్లీ కొట్టాను. టుంగుమంది. వేళ్లు తుడుచుకుని, ప్రార్థించుకుని మూడోసారి కొట్టాను. తాళం పడింది. డాక్టరమ్మ ఖాతాకి ఆయన కొత్త పాస్‌వర్డు ఇంకా ఇవ్వనే లేదు. ఉన్నది నాదొక్కటే.

ఆయన ఫోను అందలేదు. మాకు సిగ్నలు వచ్చేది వరండా చివర నీళ్ల ట్యాంకు దగ్గర. అక్కడ నిలబడి రెండున్నర గంటలు చేస్తూనే ఉన్నాను. వార్డులోంచి ఆ పిల్ల మూలుగు వినపడుతూనే ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది. తల్లి కొంగు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది, ఆ కొంగు తడిసి ముద్దైపోయింది. ఆయమ్మ ఒకసారి వచ్చి, తన కొంగుతో నా ముఖం తుడిచి మళ్లీ వార్డులోకి వెళ్లింది.

పదకొండున్నరకి ఆయన గొంతు వినపడింది. విషయం చెప్పాను. ఆ ఊరి రోడ్డుమీదే బస్సు దిగిపోయి, ఏదో కొట్టు ముందు కూర్చుని, అక్కణ్ణుంచే తాళం తీశారు. ఆయన్ని లైనులోనే ఉంచి ఆయమ్మ ఫోను పట్టుకుంటే నేను వచ్చి కొట్టాను. మళ్లీ టుంగుమంది. రెండోసారీ టుంగుమంది. ఇంకొక్కటే మిగిలింది. ట్యాంకు దగ్గరికి పరుగెత్తి వెళ్లి, నాకు రావడం లేదండీ అన్నాను.

"ఏం కొడుతున్నారో అక్షరం అక్షరం చెప్పండమ్మా. ఎవరికీ చెప్పకూడదు గానీ ఈ ఒక్కసారికి చెప్పండి."

"ఎస్, ఈ, ఎమ్..."

అటువైపు లారీ హారను వినపడింది. ఆయన మాట వినపడలేదు. ఫోను పోయిందేమో అనుకున్నాను. తరవాత చాలా మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు, "సేమంతి" అన్నారు. మళ్లీ ఆగి, "మా యమ్మా అలాగే అనేది. సీ, హెచ్ కొట్టండమ్మా. సీ, హెచ్."

తెలుగులో రాయమంటే నేను చేమంతి అనే రాస్తాను. నాన్న అలాగే నేర్పాడు. కానీ నోరు సేమంతి అంటుంది, మా నాన్న నోరూ అంతే, ఈ కొండమీద అందరి నోళ్లూ అంతే. ఇంగ్లీషు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నోరు చెప్పిందే వేలు కొట్టింది. ఆయన చ అన్నారు, నా చెవి దాన్ని స చేసుకుని దాచుకుంది. అంతే జరిగింది. ఆ ఒక్క అక్షరం మీద ఒక పిల్ల రెండున్నర గంటలు నొప్పి పడింది.

కంప్యూటరు తెరుచుకుంది. మందు పేరు దొరికింది. పన్నెండింటికి ఆ పిల్ల నిద్రపోయింది. దేవునికి స్తోత్రం, ఇప్పుడు నాకంటే పొడుగు, నెలనెలా వచ్చి మందులు తీసుకుని వెళ్తుంది.

పది రోజుల తరవాత పై ఆఫీసు నుంచి ఒక అధికారి జీపులో వచ్చారు. కంప్యూటరు చెప్పిన చిట్టా ఆయన దగ్గర ఉంది. నా పేరు మీద ఐదు తప్పులు, టైముతో సహా. నా చదువేమిటని అడిగారు. ఇంటిదగ్గర అన్నాను. ఆయన డాక్టరమ్మ వైపు చూసి, ఇంకొకర్ని చూద్దాం, ఈవిడకి బట్టల దగ్గర పనివ్వండి అన్నారు. కోపంగా కూడా అనలేదు. నేను అప్పటికే మనసులో నా బల్ల ఖాళీ చేసుకుంటున్నాను. మా నాన్న ఫోటో, ప్రార్థన పుస్తకం, పెన్నుల డబ్బా. అంతే కదా ఉన్నది.

తాళాలాయన్ని కూడా పిలిపించారు. ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. చిట్టా చూపించి తప్పుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

"పాస్‌వర్డు నేను చెప్పాను సార్" అన్నారు. "ఆవిడ మాటలో చెప్పాల్సింది, చ పెట్టి చెప్పాను. అది నా మాట కూడా కాదు. సిన్నప్పుడు బడిలో సెట్టు అన్నానని బెంచీ ఎక్కించి నేర్పారు నాకు. నేర్చుకున్నాను గానీ, మా అమ్మ ఎలా అనేదో మరిచిపోయాను. ఈ తప్పు నాది."

అధికారి చిట్టా మడిచి, ఇది రాసిస్తారా అన్నారు. ఆయన నా బల్ల దగ్గరే కూర్చుని రాసిచ్చారు. సంతకం పెట్టాక "అబ్బా" అని లేచారు.

ఆ కాగితం వల్ల ఆయనకి ఏం జరిగిందో నాకు రెండేళ్ల తరవాత డాక్టరమ్మ చెబితే తెలిసింది. కింద ఊళ్లలో ఆయన చూసే ఆసుపత్రులన్నీ వేరేవాళ్లకి ఇచ్చేశారు. మాదొక్కటే మిగిలింది, ఇంత దూరం ఎవరూ రామన్నారు గనుక. నేను కళ్లనీళ్లతో అడిగితే, మంచిదే కదమ్మా, ఇప్పుడు నెలకి ఒక్కసారే బస్సు తప్పిపోతుంది అన్నారు.

అధికారి వెళ్లిపోయాక ఆయన కిందికి దిగలేదు. తాళం పడకుండా ఆపేసి, రెండు రోజులు ఉండిపోయారు. వరండాలో కాఫీ గింజలు ఆరబెట్టి ఉంటే ఒక గుప్పెడు తీసుకుని, స్టీలు గ్లాసు ఒకటి అడిగి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. డాక్టరమ్మని, నన్ను, మందుల గది సిస్టరుని వంతులవారీగా పాస్‌వర్డు కొట్టమన్నారు. పనుల మధ్యలో, చేతులు తడిగా ఉన్నప్పుడు, ఎవరో పిలుస్తున్నప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు. ఆయన చూడరు. టుంగుమన్నప్పుడల్లా గ్లాసులో ఒక గింజ వేస్తారు. తెరుచుకోగానే గ్లాసు వంచి లెక్కపెట్టుకుని, కాగితం మీద రాసుకుని, మళ్లీ గ్లాసు ఖాళీ.

ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "ఏటి సేత్తన్నావు బాబూ, మా తప్పులు ఎంచుతున్నావేటి? ఆ పని పైనున్నోడిది గదా" అంది.

"ఎంచకపోతే ఎన్ని క్షమించాలో ఎలా తెలుస్తాదమ్మా" అన్నారాయన. ఆయన మా దగ్గర 'తెలుస్తాది' అనడం అప్పుడే విన్నాను.

ఎక్కువ తప్పులు నావే వచ్చాయి. ఒకసారి ఆరు. నేను సిగ్గుపడ్డాను. ఆయన మాత్రం ఆ ఆరు పక్కన ఒకటి కలిపి ఏడు రాశారు. ఆ ఒకటి దేనికండీ అంటే, మీకు ఒంట్లో బాగోని రోజుకి అన్నారు. ఏడు అనగానే నాకేం గుర్తొచ్చిందో ప్రార్థనకి వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. తప్పు చేసినవాణ్ణి ఏడుసార్ల దాకా క్షమించాలా అని శిష్యుడు ప్రభువుని అడిగిన మాట అది. ఆయనకి ఆ సంగతి తెలిసి పెట్టారో లేదో నేను అడగలేదు.

అలా మూడు పోయి ఏడు వచ్చింది. పడిన తాళం పావుగంటకి దానంతట అదే తెరుచుకునేలా పెట్టారు, ఎవరూ ఎక్కడినుంచీ తీయనక్కర్లేదు. పావుగంట కూడా ఆగలేని వేళకి ఇంకో పాస్‌వర్డు రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట తనూ డాక్టరమ్మా సంతకాలు చేసి, డాక్టరమ్మ బల్లలో పెట్టారు. ఇన్నేళ్లలో ఆ కవరు రెండుసార్లే చింపారు. చింపిన ప్రతిసారీ ఆయన వచ్చి కొత్తది పెట్టారు.

మూడో గడి సంగతి అప్పుడే నాకు చెప్పారు. పొద్దున్న రెండు తప్పులు కొట్టి తెరిచారనుకోండి, ఆ రెండూ పోయినట్టే. తెరవకుండా మధ్యలో లేచి వెళ్లిపోయారనుకోండి, అది లెక్క పెట్టుకుని కూర్చుంటుంది. ఎంతసేపు కూర్చోవాలో మనమే చెప్పాలి. "పది నిమిషాలకి మరిచిపొమ్మని చెప్పానమ్మా" అన్నారు, ఎవరికో నచ్చజెప్పి వచ్చిన మనిషిలా.

అంతా అయ్యాక ఆయమ్మ వచ్చి అంకె ఎంతెట్టావని అడిగింది. ఏడు అన్నారు.

"మూడెట్టి ఈ గుంటని ఏడిపించీసినావు. ఇప్పుడు ఏడెట్టినావా, మరింకేటి నవ్వుతాది?"

ఆయన నవ్వుతూ నవ్వుతూ దగ్గు తెచ్చుకున్నారు. ఆ ఏడు అనే మాట తరవాత ఆయన ఎప్పుడొచ్చినా వాళ్లిద్దరి మధ్యా నలిగేది. ఆయన్ని చూడగానే ఆవిడ "ఏడు" అనేది, ఆయన కళ్లు తుడుచుకున్నట్టు నటించేవారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన టిఫిను గిన్నె తెరవలేదు. ఆయమ్మ రాగుల అంబలి కుండ వైపు చూసి, "సోడంబలి ఉందా" అన్నారు. అంతకుముందు ఎన్నోసార్లు ఆవిడ ఇవ్వబోతే వద్దనేవారు. ఆవిడ గ్లాసు నింపుతూ నా వైపు తిరిగి, "ఈయన మనోడే గుంటా, నేను సెప్పనేదేటి" అంది. అప్పట్నుంచి కొండెక్కితే ఆయన నోట్లో చ పోయి స వచ్చేది. కిందికి దిగేటప్పుడు పాలజీపు దగ్గర మళ్లీ చ తగిలించుకునేవారు, చొక్కా వేసుకున్నట్టు.

ఆయన తాళం పనిచేయలేదని ఎవరూ అనుకోకూడదు. ఒకరోజు మేమంతా ప్రార్థనలో ఉండగా ఎవరో నా కుర్చీలో కూర్చుని కొట్టి చూశారు. వచ్చేసరికి తాళం పడి ఉంది, కుర్చీ వెచ్చగా ఉంది. ఎవరో తెలియలేదు, ఏ పిల్ల జబ్బు తెలుసుకోవాలనుకున్నారో తెలియలేదు. ఆయనకి చెబితే, "ఏడూ కొట్టాడా" అన్నారు. అవునన్నాను. "పాపం, అంత అవసరం ఏమొచ్చిందో" అన్నారు. ఆ మనిషి మీద కూడా ఆయనకి జాలే.

నా పాస్‌వర్డు ఆయన మార్పించారు. ఈసారి ఏదీ చెప్పలేదు. మీ నోరు ఎలా అంటే అలాగే పెట్టుకోండి, నాకు చెప్పొద్దు, అని కుర్చీ తిప్పేసుకున్నారు.

ఇదంతా నెమరేసుకుంటూ సోమవారం సగం పూట గడిచిపోయింది. కంపెనీ కాగితం అలాగే ఉంది. కంపెనీవాళ్ల అంకెలు ముందే సన్నగా అచ్చేసి ఉన్నాయి, మూడు అని, మేము తీసేదాకా అని. మార్చాలంటే కొట్టేసి రాయాలి, కారణం రాయాలి. సాయంత్రంలోగా డాక్టరమ్మ దాన్ని ఫోటో తీసి పంపాలి. పంపకపోతే అచ్చేసిందే ఖాయం. ఇంకో పిల్ల వీపు మీద వస్తే, పట్నంలో ఎవరి ఫోను అందాలి? కారణం ఏమని రాయను? పోయిన మనిషి చెప్పారని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?

అప్పుడు ఆయమ్మ లోపలికి వచ్చింది. మోకాళ్లు పోయి బట్టలు ఉతకలేకపోతోందని డాక్టరమ్మ ఈమధ్యే ఆవిణ్ణి రెండో కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు, వార్డు దుప్పట్లు, దిండ్లు నమోదు చేయడానికి. ఆవిడకి సంతకం పెట్టడం వరకే వచ్చేది, నేనే కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాను, నా వేలు పట్టుకుని మా నాన్న నేర్పినట్టే. ఆవిడకి ఆయన పోయిన సంగతి చెప్పాను. ఆవిడ "ఓలమ్మా" అని గోడ పట్టుకుని నిలబడింది. అంతే. కన్నీరు రాలేదు. "మనిసి అప్పుడే అలిసిపోనాడులే" అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

నేను వరండాలోకి వెళ్లి ఒక గుప్పెడు కాఫీ గింజలు తెచ్చాను. స్టీలు గ్లాసు ఒకటి తెచ్చాను. నా కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. కొండ మీద తోటలు అలాగే ఉన్నాయి. నువ్వు పాస్‌వర్డు కొట్టు అన్నాను. ఆవిడకి అర్థమైంది, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. టుంగు. గింజ వేశాను. టుంగు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటున్న చప్పుడు వినపడింది. టుంగు. నేను ఇటు తిరగలేదు. ఆరో గింజ తరవాత కంప్యూటరు తెరుచుకుంది.

అచ్చేసిన అంకె కొట్టేసి, ఆరు కాదు, ఏడు రాశాను. రెండో గడిలో పదిహేను నిమిషాలు. మూడో గడిలో పది. కారణం అన్నచోట, "ఇక్కడి మనుషులు కొట్టే తప్పులు లెక్కపెట్టి చూసి రాసినది. ఒకటి ఒంట్లో బాగోని రోజుకి" అని తెలుగులోనే రాశాను. డాక్టరమ్మ వచ్చి చదివి, పెన్ను అడిగి, కింద తన సంతకం పెట్టి ఫోటో తీసుకున్నారు.

ఆయమ్మ తన కంప్యూటరు ముందునుంచే అడిగింది, "ఎంతెట్టినావే గుంటా?"

"ఏడు" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. ఎప్పటిలా ఏదో అనబోయి ఆగిపోయింది. "సరేలే" అని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను కుర్చీ మళ్లీ కిటికీ వైపు తిప్పుకుని, ఆవిడకి అయ్యేదాకా కొండని చూస్తూ కూర్చున్నాను.